టైలరమ్మ దస్తూరి

నెలకో గురువారం మధ్యాహ్నం రెండింటికి ఆసుపత్రి మూడో అంతస్తులో ఏడుగురు పెద్దమనుషులు కూర్చుని రోగుల మీద జాలిపడేవారు. జాలికి గంట టైము. మూడింటికి పెద్ద డాక్టరుకు ఓపీ ఉండేది కాబట్టి ఆ జాలి రెండూ యాభైకల్లా ముగిసిపోయేది.

దాన్ని ఎథిక్స్ కమిటీ అంటారు. మనుషుల మీద కొత్త మందు పరీక్షించి చూడాలంటే ముందు ఆ కమిటీ సరే అనాలి. కమిటీలో డాక్టర్లతో పాటు ఒక లాయరు, ఒక తత్వశాస్త్రం మాస్టారు, ఈ కోవల్లో దేనికీ చెందని ఒక మామూలు మనిషి ఉండి తీరాలి. మామూలు మనిషి రాని మీటింగు మీటింగే కాదని రూలు. ఆ మామూలు మనిషి కోసం కమిటీ ఛైర్మన్ అయిన పెద్ద డాక్టరు ఎంత దూరం గాలించాడంటే, ఆసుపత్రి గేటు దాటి రోడ్డు అవతలిదాకా వెళ్ళాడు. అక్కడ టైలరు షాపు ఉంది. ఆసుపత్రి తెల్లకోట్లన్నీ కుట్టేది అక్కడే. ఆయన ఆ రోజు కోటు నడుము దగ్గర వదులు చేయించుకోవడానికి వచ్చాడు. టేపు ఇంకా పొట్ట చుట్టూ ఉండగానే, మీరు మా కమిటీలో ఉండాలమ్మా అని టైలరమ్మను అడిగేశాడు. అంతటితో గాలింపు పూర్తయింది.

అది జరిగి మూడేళ్ళు. ఈ మూడేళ్ళలో టైలరమ్మకు వాళ్ళంటే పూచికపుల్లపాటి గౌరవం కూడా మిగల్లేదు. ఎలా మిగులుతుంది? వాళ్ళ కొలతలన్నీ ఆమె పుస్తకంలోనే ఉన్నాయి. పెద్ద డాక్టరు నడుము మూడుసార్లు పెరిగింది. పెరిగిన ప్రతిసారీ, పోయినసారి మీరే బిగుతుగా కుట్టారమ్మా అని నింద ఆమె మీదకు తోసేవాడు. కమిటీలో లేకున్నా దానికి ఫైళ్ళు పంపే నరాల డాక్టరుకు జేబు మీద పేరు కుట్టిస్తే చాల్లేదు, కింద డిగ్రీలన్నీ కుట్టమన్నాడు. జేబు చాలక ఆఖరి డిగ్రీ చంక కిందికి పోయింది. లాయరు నల్లకోటు మోచేతుల దగ్గర మాత్రమే అరిగేది, ఎందుకంటే ఆయన మోచేతులు బల్లకు ఆనించి కునుకు తీసేవాడు. మాస్టారు కోటు తొడగడు గానీ, నోరు విప్పితే ఎక్కడ కత్తెర వెయ్యాలో దేవుడిక్కూడా తెలియదు.

ఒక్కో మీటింగుకు ఎనిమిదో తొమ్మిదో ఫైళ్ళు వచ్చేవి. ఒక్కోటి దిండంత లావు. ఫైలు బల్ల ఈ చివర బయలుదేరగానే దాని వెనకే బిస్కెట్ల పళ్ళెం బయలుదేరేది. డాక్టర్లు చదివే ఉంటారని లాయరు సంతకం పెట్టేవాడు. చట్టం సంగతి లాయరు చూసే ఉంటాడని డాక్టర్లు పెట్టేవారు. మాస్టారు, బాధ అంటే ఏమిటో ముందు మనం నిర్వచించుకోవాలని మొదలుపెట్టి, పళ్ళెం తన ముందుకు రాగానే ఆపి సంతకం పెట్టేవాడు. చివరికి ఫైలు టైలరమ్మ దగ్గరకు చేరేది. అందరికంటే ఆమెకే పని ఎక్కువ. రోగి చేత సంతకం పెట్టించుకునే సమ్మతి పత్రం మామూలు మనుషులకు అర్థమవుతుందో లేదో ఆమె చూడాలి. చూసి, ఒక కాగితం మీద సొంత చేత్తో, ‘ఈ పత్రం మొత్తం చదివాను. మామూలు మనిషికి అర్థమయ్యేలా ఉంది’ అని రాసివ్వాలి. ఆమె దస్తూరి గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉండేది. కమిటీ సెక్రటరీ ఆ కాగితం చూసి ప్రతిసారీ మురిసిపోయేది.

టైలరమ్మ ఒక్క అక్షరం చదివేది కాదు.

మొదటిసారి చదవబోయిన మాట నిజం. ఫైలు షాపుకు తెచ్చుకుని, రెండు పేజీలు కష్టపడి చదివి, మూడో పేజీలో ‘యాదృచ్ఛికీకరణము’ అనే మాట దగ్గర ఆగిపోయి, మరుసటి మీటింగులో దానర్థం అడిగింది. అందరూ నవ్వారు. చెడ్డగా కాదు, ముద్దుగా నవ్వారు. అదంతా మా తలనొప్పి, మీకెందుకమ్మా అన్నాడు పెద్ద డాక్టరు. ఆ ముద్దు నవ్వుకు ఆమెకు ఒళ్ళు మండిపోయింది. వీళ్ళకే పట్టనిది నాకెందుకు అనుకుని, ఆ రోజు నుంచి బిస్కెట్టు నములుతూ రాసిచ్చేయడం మొదలుపెట్టింది. ఏడుగురిలో ఒక్కరూ చదవరన్న సంగతి ఆమెకు బాగా తెలుసు. దానికి వాళ్ళను మనసులో బండబూతులు తిట్టుకునేది. ఆ ఏడుగురిలో తనొకతె అన్న లెక్క మాత్రం ఎందుకో ఆమెకు తట్టలేదు.

పైగా గొప్పలు. రోడ్డు చివర బేకరీలో పనిచేసే చెల్లెలి దగ్గర, నేనే గనక లేకపోతే ఆ కమిటీ గంగలో కలిసేది అని చెప్పుకునేది. డాక్టర్లంతా తనేం అడుగుతుందోనని హడలి చస్తారని కూడా చెప్పింది. చెల్లెలు నమ్మింది. చిన్నప్పుడే తల్లి పోతే జడ వేసింది అక్క, బడికి పంపింది అక్క. అక్క మాట నమ్మక ఎవరి మాట నమ్ముతుంది?

ఆ చెల్లెలికి పన్నెండో ఏట నుంచి ఫిట్స్. వచ్చే ముందు ఎడమచేతి బొటనవేలు దానంతటదే ఎగిరేది. అది ఎగరడం మొదలైతే టైలరమ్మ చేతిలో ఏముంటే అది పారేసి పరిగెత్తేది. తర్వాత తర్వాత మంచి మాత్రలు పడ్డాయి. పూటకొకటి చొప్పున రోజుకు మూడు. నాలుగేళ్ళుగా ఫిట్స్ జాడే లేదు. మాత్రలకు పగలంతా మత్తుగా ఉంటుందనీ, జుట్టు రాలిపోతోందనీ చెల్లెలు సణిగేది గానీ ఒక్క పూట కూడా మానేది కాదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం టైలరమ్మ బ్రెడ్డు కోసం బేకరీకి వెళ్ళింది. చెల్లెలు ఓవెన్ ముందు నిలబడి కాలుతున్న ట్రే బయటికి లాగుతోంది. బొటనవేలు ఎగిరింది. ట్రే నేల మీద పడి బన్నులన్నీ దొర్లిపోయాయి. చెయ్యి జారింది అంది చెల్లెలు, వంగి ఏరుకుంటూ. టైలరమ్మ చేతిలో సంచి పారేసి దగ్గరకు పరిగెత్తింది. మాత్ర వేసుకున్నావా అని అడిగింది.

వేసుకోలేదట. శనివారం నుంచి మానేసిందట. మానమన్నారట. చెల్లెలు అక్కను వెనక గదిలోకి, పిండి బస్తాల మధ్యకు తీసుకెళ్ళి, సంచిలోంచి మడతలు పెట్టిన కాగితాలు తీసింది. నరాల డాక్టరు కొత్త మందు పరీక్షిస్తున్నాడు. రోజుకు ఒకే ఒక్క మాత్ర, మత్తు ఉండదు, జుట్టు రాలదు. ఆ పరీక్షలో చేరింది. కాగితాల ఆఖరున ఒక జెరాక్సు పేజీ ఉంది. అందులో గుండ్రటి దస్తూరితో, ఒక్క కొట్టివేత లేకుండా, ఈ పత్రం మొత్తం చదివాను అని ఉంది.

"ఇది చూపించే అడిగారక్కా," అంది చెల్లెలు మొహం వెలిగిపోతూ. "ఎదురు షాపు టైలరమ్మే చదివి బాగుందని రాసింది, నీకింకేం భయం అన్నారు. ఆవిడ మా అక్కేనండీ అని చెప్పాను. ఆ పన్నెండు పేజీలూ నేనేం చదవలేదు. నువ్వు చదివావుగా."

టైలరమ్మకు తల కొట్టేసినట్టయింది. సెక్రటరీ ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టి ఊరుకుంటుందనుకుంది గానీ, జెరాక్సు తీయించి రోగులకిచ్చే పత్రాల వెనక పిన్ను కొట్టిస్తోందని ఆమెకు తెలియదు. నరాల డాక్టరు మనుషులు ఆ ఆఖరి పేజీనే ముందు చూపిస్తున్నారు మరి. డిగ్రీలు కుట్టిన కోటు కంటే ఎదురు షాపు దస్తూరికే జనంలో పరపతి ఎక్కువని వాళ్ళు కనిపెట్టారు. దిక్కుమాలిన తెలివి దానికైతే పనిచేసింది.

ఇవాళే పాత మాత్రలు మళ్ళీ మొదలుపెట్టు అంది టైలరమ్మ. చెల్లెలు ఒప్పుకోలేదు. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చని వాళ్ళు చెప్పారు, కానీ తనకు మానుకోవాలని లేదు. బొటనవేలి సంగతి చెబితే, ఓవెన్ వేడికి అలా అవుతుందంది. ఓనరుకు చెప్పి ఓవెన్ పని మాన్పిస్తానంటే, ఫిట్స్ సంగతి తెలిస్తే ఉద్యోగమే ఊడుతుంది, నీకు పుణ్యముంటుంది నోరు విప్పకు అని బతిమాలింది. చివరికి విసుక్కుంది.

"రాసిచ్చినప్పుడు మంచిదైంది, ఇవాళ చెడ్డదైపోయిందా? చదివే కదా రాశావు?"

చదవలేదే అన్న ఒక్క ముక్క టైలరమ్మ నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. పత్రం ఒకసారి ఇవ్వు, మళ్ళీ చూసిస్తాను అని మాత్రం అంది. ఆ ‘మళ్ళీ’ అన్న మాటకు దారంతా తనను తానే తిట్టుకుంది.

షాపు తలుపు దగ్గరకు వేసి, గీత కింద గీత స్కేలు జరుపుకుంటూ, ఆ పన్నెండు పేజీలూ చదివింది. ఏం భాష రా నాయనా అది! తొమ్మిదో పేజీలో ఇలా ఉంది: ‘ప్రస్తుత ఔషధములు పద్నాలుగు దినముల విరామ దశయందు సంపూర్ణముగా ఉపసంహరించబడును. సదరు దశయందు మూర్ఛా పౌనఃపున్యము అధికమగు సంభావ్యత కలదు.’ పాత కుట్టు విప్పినట్టు ఒక్కో మాటా విప్పుకుంటూ పోతే లోపల ఉన్నది ఇంతే. మీ మందు పద్నాలుగు రోజులు ఆపేస్తాం. ఫిట్స్ రావచ్చు. పదో పేజీలో ఇంకొకటి. ఆ తర్వాత మూడు నెలలు సగం మందికి కొత్త మందిస్తారు, మిగతా సగానికి ఏ మందూ లేని ఉత్త మాత్ర ఇస్తారు. ఎవరికేదో చీటీ తీసినట్టు తేలుస్తారు. మూడేళ్ళ కిందట తనడిగిన ఆ ‘యాదృచ్ఛికీకరణము’ ఇదేనన్నమాట. నిప్పు దగ్గరా మెషీన్ల దగ్గరా పని చెయ్యొద్దన్న ముక్క పన్నెండు పేజీల్లో ఎక్కడా లేదు. ఇది మామూలు మనిషికి అర్థమయ్యేలా ఉందని పదమూడో పేజీలో రాసి ఉంది.

బుధవారం నరాల డాక్టరు దగ్గరకు వెళ్ళింది. ఆయన ఆమెను కూర్చోమనలేదు. పరీక్ష పద్ధతి ప్రకారం జరుగుతోందన్నాడు. కమిటీ ఆమోదించిందన్నాడు. మీరే బాగుందని రాశారు కదమ్మా అంటూ ఆ పదమూడో పేజీ తీసి ఆమె మొహం ముందు ఆడించాడు. ఆపాలంటే కమిటీయే ఆపాలి. మర్నాడే మీటింగు.

గురువారం రెండింటికి, బిస్కెట్లు వచ్చి మొదటి ఫైలు ఇంకా కదలకముందే టైలరమ్మ లేచి నిలబడి తొమ్మిదో పేజీ, పదో పేజీ పైకి చదివింది. లాయరు మోచేతుల మీద సర్దుకున్నాడు. పెద్ద డాక్టరు గడియారం చూసి, ఇది రెండు నెలల కింద ఆమోదమైపోయిన విషయం కదమ్మా అన్నాడు. ఆమోదమైపోయిన దాన్ని మళ్ళీ తెరవాలంటే ఎవరికైనా హాని జరిగినట్టు రిపోర్టు రావాలట.

"అంటే ఎవరైనా ఫిట్స్ వచ్చి మంటలో పడాలా?" అని అడిగింది టైలరమ్మ.

"అలా ఏమైనా జరిగితే తప్పకుండా పరిశీలిస్తాం," అన్నాడు పెద్ద డాక్టరు, ఎంతో దయగా.

హాని అన్న మాటకు రెండు పొరలున్నాయని మాస్టారు లేచి మొదలుపెట్టాడు. టైలరమ్మ ఆయన్ను కూర్చోమంది. ఈ తొమ్మిదో పేజీ ఇంతకు ముందు చదివినవాళ్ళు ఎవరో చెప్పమని బల్ల చుట్టూ ఒక్కొక్కరినీ అడిగింది. లాయరు డాక్టర్ల వైపు చూశాడు. డాక్టర్లు లాయరు వైపు చూశారు. మాస్టారు నీళ్ళు నమిలాడు. మొత్తమ్మీద ఆ పేజీని నిపుణులు చూసి ఉంటారనే అభిప్రాయం గదిలో నెలకొంది. మీరేగా నిపుణులు అంది టైలరమ్మ. అందరూ అందంగా తల వంచుకున్నారు. ఆ కోట్లు తను కుట్టినవే. కాలర్లు మాత్రం చక్కగా నిలబడ్డాయి.

వాళ్ళను చూస్తే ఆమెకు అసహ్యం వేసింది. అప్పుడే తన ముందున్న బిస్కెట్టు కనిపించింది, సగం కొరికి ఉంది. ఎప్పుడు కొరికిందో ఆమెకే తెలియదు.

ఆమె సెక్రటరీ వైపు తిరిగింది.

"రాయమ్మా. ఆ రోజు నేను ఆ పత్రం చదవలేదు. చదవకుండానే చదివానని రాసిచ్చాను. నా మాటలు నేనన్నవి అన్నట్టే రాయి."

సెక్రటరీ చేతులు ఆగిపోయాయి. మినిట్స్‌లో అలాంటివి ఎవరూ రాయరండీ అంది. పెద్ద డాక్టరు మొహం మాడింది. మీ పరువే పోతుందమ్మా, ఆలోచించుకోండి అన్నాడు. ఉంటేగా పోవడానికి, రాయించండి అంది టైలరమ్మ. అప్పుడు లాయరు మూడేళ్ళలో మొదటిసారి పూర్తిగా మేలుకున్నాడు. ఆ మాట రికార్డుకెక్కిందంటే కొంప మునిగినట్టే అన్నాడు. మామూలు మనిషి లేని మీటింగు చెల్లనప్పుడు, మామూలు మనిషి చదవని పత్రం ఎలా చెల్లుతుంది? ఆమోదం ఇచ్చిన రోజు నుంచే కొట్టుకుపోతుంది. ఈలోగా ఎవరికేం జరిగినా అది సంతకం పెట్టిన ఏడుగురి మెడకు చుట్టుకుంటుంది.

అంతే, గదిలో రోగుల మీద ప్రేమ పొంగి పొర్లింది. ఆగమేఘాల మీద కదిలారు అందరూ. పది నిమిషాల్లో పరీక్ష నిలిపేశారు. చేరిన పంతొమ్మిది మందికీ ఈ మధ్యాహ్నమే ఫోన్లు చేసి పాత మాత్రలు మొదలుపెట్టించమని నరాల డాక్టరుకు కబురు పంపారు. పని అయిపోయింది కాబట్టి ఆ మాట మినిట్స్‌లోంచి తీసేద్దామా అని పెద్ద డాక్టరు తేనె పూసి అడిగాడు. టైలరమ్మ తీయనివ్వలేదు. మినిట్స్ టైపు చేయించి, సంతకం పెట్టే ముందు మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి చదివింది. మూడూ పది అయింది. కింద ఓపీలో జనం ఎదురు చూస్తున్నారని పెద్ద డాక్టరు గొణిగాడు. ఆమె ఒక అచ్చుతప్పు దిద్దించి మళ్ళీ చదివింది.

నాలుగింటికి బేకరీకి వెళ్ళేసరికి చెల్లెలు వెనక గదిలో బస్తా మీద కూర్చుని ఉంది. ఎడమ మణికట్టు మీద కట్టు. పొద్దున ట్రే మళ్ళీ జారిందట. ఆసుపత్రి నుంచి ఫోను అప్పటికే వచ్చింది. పాత మాత్రలు వేసుకోమన్నారు, ఎందుకో చెప్పలేదు. చెల్లెలు అక్క మీద విరుచుకుపడింది.

"నీ పనేనా? నాకో మంచి జరుగుతుంటే నీకెందుకు పడదక్కా? వాళ్ళు చెప్పినా సరే, నువ్వు రాసినదాని ప్రకారం నేను మందు మానే ఉంటాను."

"నేను చదవలేదే," అంది టైలరమ్మ.

చెల్లెలికి అర్థం కాలేదు. టైలరమ్మ మళ్ళీ చెప్పింది. ఒక్క పేజీ కూడా చదవలేదనీ, పక్కన కూర్చున్నవాళ్ళు చదవట్లేదని మానేశాననీ, డాక్టర్లు తనకు హడలి చస్తారన్నది కూడా ఉత్తదేననీ చెప్పింది. వాళ్ళెవరూ ఎప్పుడూ దేనికీ హడలలేదు. చెబుతూ చెల్లెలి మొహంలోకి చూడలేకపోయింది. మణికట్టు మీది కట్టునే చూసింది.

చెల్లెలు సంచిలోంచి పాత మాత్రల డబ్బా తీసి, ఒకటి నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది.

"ఈ మూడేళ్ళలో ఇంకెన్నిటికి రాశావు అలా?" అని అడిగింది చెల్లెలు.

టైలరమ్మ నెలలూ ఫైళ్ళూ లెక్కవేయబోయి మధ్యలో ఆగిపోయింది.

"తెలీదే."

"అన్నీ ఫిట్స్ వాళ్ళవేనా?"

"కాదు. గుండెవాళ్ళవి ఉన్నాయి. బాలింతలవి ఉన్నాయి. ఏమేం ఉన్నాయో నేను చూడలేదు."

చెల్లెలు లేచి ఏప్రన్ సర్దుకుంది.

"వాళ్ళందరికీ రోడ్డు అవతల అక్కలుండరుగా," అంది. ఓనరుకు తన జబ్బు సంగతి తానే చెప్పుకుంటానని చెప్పి ముందు గదిలోకి వెళ్ళిపోయింది.

టైలరమ్మ షాపు తీయలేదు. రోడ్డు దాటి, మూడో అంతస్తు ఎక్కి, ఇంటికి బయలుదేరుతున్న సెక్రటరీని ఆపి, పాత ఫైళ్ళ బీరువా తాళం ఎవరి దగ్గరుందని అడిగింది.